ఎస్మరాల్డా కౌంటీలోని మూడు బడులు

పరీక్షా ఫలితములు వెలువడిన వారము దినములలో తల్లిదండ్రులు మమ్ము అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే. "ఈ యేడు మన బడిలో నూటికెంతమంది పాసైనారు సార్?" ప్రశ్న సహజమైనదే. బిడ్డను పంపువారికి ఆ బడి ఎట్లు నడచుచున్నదో తెలిసికొను హక్కు కలదు. కాని తెలుగు విభాగమున ఎనిమిదిమందియో పదిమందియో మాత్రమే కూర్చుండు తరగతుల విషయములో "నూటికి" అను ఆ చిన్నమాట పెద్ద చిక్కును తెచ్చిపెట్టును. నూరుమంది లేనిచోట నూటికి లెక్క కట్టినచో ఆ లెక్క దేనిని చెప్పును, దేనిని చెప్పదు? ఇది మన సరిహద్దు ప్రాంతమునకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. దీనిని స్పష్టముగా చూడదలచినచో మన బడులకంటె ఎంతో చిన్న బడులు గల యొక చోటును పరిశీలించుట మేలు. అందులకై అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నెవాడా రాష్ట్రమందలి ఎస్మరాల్డా కౌంటీని ఎన్నుకొంటిమి. కౌంటీ యనగా మన జిల్లా వంటి పాలనా విభాగము.

ఈ కౌంటీ నెవాడాకు నైరుతి దిశలో, కాలిఫోర్నియా సరిహద్దును ఆనుకొని యున్నది. దాని వైశాల్యము సుమారు 9,300 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కలలో అచ్చట తేలినవారు 729 మంది. వేలు కాదు, లక్షలు కాదు. ఏడువందల ఇరువదితొమ్మిదిమంది మనుష్యులు. మన హోసూరు గల కృష్ణగిరి జిల్లా వైశాల్యములో దానిలో సగమునకు కొంచెము మించినది. 2011 లెక్కల ప్రకారము ఇచ్చటి జనులు సుమారు 18 లక్షల 80 వేలు. ఎస్మరాల్డాలో తలకు పండ్రెండు చదరపు కిలోమీటర్లకు పైగా నేల వచ్చును. ఆ నేల చాలవరకు ఎడారి; నడుమ నడుమ బోడి కొండలు. నెవాడాలోకెల్ల ఎత్తైన బౌండరీ పీక్ అను శిఖరము ఈ కౌంటీలోనిదే.

ఆ దేశము ఎల్లకాలము ఇట్లు శూన్యముగా ఉండలేదు. 1902లో అచ్చట బంగారము బయటపడెను. ఐదారేండ్లలో గోల్డ్‌ఫీల్డ్ అను పట్టణము వెలసి, సుమారు ఇరువదివేలమందితో కొంతకాలము నెవాడాలోకెల్ల పెద్ద పట్టణమై విలసిల్లెను. 1907లో అచ్చట రాతితో మూడంతస్తుల ఉన్నత పాఠశాల కట్టిరి. తరువాత బంగారము తరిగెను, 1923లో అగ్నిప్రమాదమున పట్టణములో పెక్కుభాగము కాలిపోయెను, జనులు చెదరిపోయిరి. ఆ రాతి భవనము నేటికిని నిలిచియున్నది గాని అందు పాఠములు జరుగుట లేదు. మన కోలారు గనులను ఎరిగినవారికి ఇట్టి కథ కొత్త కాదు.

ఇప్పుడు కౌంటీలో జనులు ముఖ్యముగా మూడు చోట్ల ఉన్నారు. కౌంటీ కార్యాలయములు గల గోల్డ్‌ఫీల్డ్ ఒకటి. భూగర్భమునుండి ఉప్పునీటిని తోడి, ఎండగట్టి, లిథియము అను లోహమును తీయు సిల్వర్ పీక్ రెండవది. సెల్‌ఫోనుల బ్యాటరీలలో వాడునది ఈ లోహమే, ఆ పని అచ్చట 1960లనుండి సాగుచున్నది. లూసర్న్ పశుగ్రాసమును పండించు డయ్యర్ మూడవది. ఈ మూడు చోట్లను మూడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు కలవు. ఒకటవ తరగతికి ముందు నుండు శిశు తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు చెప్పుదురు. అంతకు పైచదువు కౌంటీలో లేదు. ఎనిమిదవ తరగతి ముగించిన పిల్లలు పొరుగున నున్న నై కౌంటీలోని టోనోపా పట్టణపు ఉన్నత పాఠశాలకు పోవుదురు. గోల్డ్‌ఫీల్డ్ నుండి అది సుమారు 26 మైళ్ళు. డయ్యర్ నుండి అందుకు రెండింతలకు మించిన దూరము.

మూడు బడులలోను కలిపి చదువువారు నూరుమందికి లోపలే. ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. ఒక్కొక్క బడిలో తొమ్మిది తరగతులు. మూడు బడులలో ఇరువదియేడు. నూరుమందిని ఇరువదియేడు తరగతులకు పంచినను తరగతికి నలుగురు రారు. ఒక తరగతిలో ఐదుగురుండి, మరియొక దానిలో ఒక్కడే యుండుట, లేదా ఎవ్వరును లేకుండుట సంభవించును. అందుచేత ఇట్టి బడులలో ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చుండబెట్టి, ఒకరికి లెక్క యిచ్చి, మరియొకరిచేత చదివించుచు పాఠము నడపవలసియుండును. మన పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలలను ఎరిగిన పెద్దలకు ఈ పద్ధతిని వివరింప బనిలేదు. అమెరికాలోను 1930 ప్రాంతమున ఏకోపాధ్యాయ పాఠశాలలు సుమారు లక్షన్నర యుండెను. నేడు మిగిలినవి కొన్ని వందలే.

ఇక పాలనను గూర్చి యొక మాట. 1956లో నెవాడా రాష్ట్రము తనలోని చిన్న చిన్న విద్యా మండలులనన్నిటిని రద్దుచేసి, కౌంటీకి ఒక్కటి చొప్పున 17 మండలులను ఏర్పరచెను. మన దేశమున భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినదియు ఆ సంవత్సరముననే. ఇది కేవలము కాకతాళీయము. ఆ ఏర్పాటువలన లాస్ వేగాస్ నగరము గల క్లార్క్ కౌంటీ మండలియు, ఎస్మరాల్డా మండలియు ఒకే చట్టమునకు లోబడినవి. మొదటిదానిలో సుమారు మూడు లక్షలమంది విద్యార్థులు. రెండవదానిలో నూరుమంది లేరు. అయినను రెండింటికిని పరీక్ష ఒక్కటే, నివేదికా పత్రము ఒక్కటే, అందులోని గడులును ఒక్కటే.

ఆ పరీక్షలు ఎట్లు వచ్చెనో చెప్పవలెను. 2002 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వము, ఏ బిడ్డయు వెనుకబడరాదు అను అర్థము గల పేరుతో ఒక చట్టము చేసెను. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ప్రతి బడిలోను ఏటేట చదువుటయందును గణితమునందును పరీక్ష పెట్టవలెననియు, 2014 నాటికి పిల్లలందరును నిర్ణీత ప్రమాణమును అందుకొనవలెననియు అది విధించెను. అందరును అనగా నూటికి నూరుమంది. ఆ గమ్యమును దేశములో ఏ రాష్ట్రమును చేరలేదు. 2015 డిసెంబరులో ఆ చట్టమునకు బదులుగా మరియొకటి వచ్చెను; గమ్యములను నిర్ణయించుకొను స్వేచ్ఛ రాష్ట్రములకు హెచ్చెను గాని ఏటేటి పరీక్షలు మాత్రము తొలగలేదు. నెవాడాలో ఈ ఫలితములను, పిల్లల పురోగతిని, హాజరును కలిపి లెక్కించి, బడులకు ఒకటి మొదలు ఐదు వరకు నక్షత్రములు ఇచ్చు పద్ధతి కలదు. హోటళ్ళకు ఇచ్చునట్లే బడులకును నక్షత్రము లిచ్చుట మాకు అంతగా రుచింపదు. కాని అది యట్లుండనిండు.

నలుగురు పిల్లలున్న తరగతికి ఈ లెక్క ఎట్లు వర్తించును? ఒకడు ప్రమాణమును అందుకొనినచో నూటికి 25, ఇద్దరైనచో 50, ముగ్గురైనచో 75. వీని నడుమ మరియొక అంకెకు చోటే లేదు. ఒక్క బిడ్డకు ఆనాడు జ్వరము వచ్చినచో బడి ఫలితము 25 పాళ్ళు పడిపోవును. లాస్ వేగాస్‌లో నూరుమంది గల తరగతిలో అదే జ్వరము ఒక్క పాలును మాత్రమే తగ్గించును. జ్వరము ఒక్కటే, బడి చేసిన తప్పు ఏదియు లేదు.

ఇది నాణెములతో చక్కగా తేలును. విద్యార్థులు ఇంటివద్ద చేసి చూడవచ్చును. నాలుగు నాణెములను ఒక్కసారిగా ఎగురవేసి ఎన్ని బొమ్మలు పడినవో వ్రాసికొనుడు. నాణెమునకు బొమ్మ పడుటకును బొరుసు పడుటకును సమానావకాశము గలదు గనుక ప్రతిసారియు రెండు బొమ్మలు పడునని తోచును. అట్లు జరుగదు. సగటున పదునారుసార్లు ఎగురవేసినచో, రెండు బొమ్మలు పడునవి ఆరుసార్లు మాత్రమే. ఒకే బొమ్మ నాలుగుసార్లు, మూడు బొమ్మలు నాలుగుసార్లు పడును. ఒకసారి నాలుగును బొమ్మలే. ఒకసారి నాలుగును బొరుసులే. ఇప్పుడు నాణెమునకు బదులుగా ప్రమాణమును అందుకొనుటకు సరిసగము అవకాశము గల బిడ్డను, ఎగురవేతకు బదులుగా ఒక సంవత్సరమును ఊహింపుడు. ఉపాధ్యాయుడు మారలేదు, పాఠము మారలేదు, పిల్లల తెలివియు మారలేదు. అయినను ఒక యేట ఆ బడి నూటికి 25 అని తల వంచుకొనును. మరుసటి యేట 75 అని పత్రికలో పేరు వేయించుకొనును. పదునారేండ్లలో ఒక యేడు నూటికి నూరు, ఒక యేడు సున్న. బిడ్డ నాణెము కాడు, నిజమే. చదివిన బిడ్డకు అవకాశము హెచ్చు, చదువని బిడ్డకు తక్కువ. అయినను పిల్లలు కొద్దిమందియైనచోట అంకె ఇట్లు ఊగులాడుట తప్పదు.

నాలుగింటికి బదులు నూరు నాణెములను ఎగురవేసినచో సంగతి మారును. నూటికి తొంబదియైదుసార్లు బొమ్మల సంఖ్య 40కిని 60కిని నడుమనే యుండును. నాలుగువందలైనచో 45 పాళ్ళకును 55 పాళ్ళకును నడుమ ఉండును. సంఖ్య నాలుగింతలైనప్పుడు ఊగిసలాట సగమగునని దీని సూత్రము. ఫ్రాన్సులో పుట్టి లండనులో నివసించిన ఆబ్రహాం డి మ్వావర్ అను గణితవేత్త 1733లోనే ఇట్టి లెక్కలను ప్రకటించెను. దాదాపు మూడువందల సంవత్సరములనాటి ఈ విషయమును విద్యాధికారులును పత్రికలవారును పలుమార్లు మరచుచుండుట వింతయే.

మరచినవారు ఎట్టి పొరపాటున పడుదురో హోవర్డ్ వెయినర్ అను అమెరికా సంఖ్యాశాస్త్రవేత్త 2007లో ఒక వ్యాసమున చూపెను. ఆయన ఎన్నుకొన్న ఉదాహరణము బడి కాదు, మూత్రపిండముల క్యాన్సరు. అమెరికాలోని మూడువేలకు పైగా గల కౌంటీలలో ఈ వ్యాధి అతి తక్కువగా నున్నవి ఏవని చూడగా, అవి చాలవరకు జనులు పలుచగానుండు గ్రామీణ కౌంటీలని తేలెను. వినినవారు వెంటనే కారణము కల్పింతురు: పల్లెగాలి మంచిది, నీరు మంచిది, తిండి మంచిది. తరువాత అతి ఎక్కువగా నున్నవి ఏవని చూడగా, అవియు జనులు పలుచగానుండు గ్రామీణ కౌంటీలే! దీనికిని కారణము కల్పించుట కష్టము కాదు: పల్లెలో బీదరికము హెచ్చు, వైద్యుడు దూరము. రెండు కారణములును వినుటకు ఇంపుగానే యున్నవి. ఒకే విషయము వ్యాధిని తగ్గించుటకును హెచ్చించుటకును కారణము కాజాలదు గదా. అసలు సంగతి యేమన, వందలమంది మాత్రమే గల కౌంటీలో ఒక్కరికి వ్యాధి వచ్చినను రేటు ఆకాశమునంటును. ఎవ్వరికిని రానిచో సున్న యగును. పట్టికకు రెండు కొసలను చిన్నవే ఆక్రమించుకొనును. పెద్దవి నడుమ నిలుచును.

బడులును అంతే. అదే వ్యాసమున పెన్సిల్వేనియా రాష్ట్రపు ఐదవ తరగతి ఫలితములను గూర్చిన లెక్క యున్నది. పైనున్న యాబది బడులలో మిక్కిలి చిన్నవి తమ వంతుకు మించియే యున్నవి. అట్టడుగున నున్న యాబది బడులలోను అవి తమ వంతుకు మించియే యున్నవి. పట్టిక పైభాగమును మాత్రమే చూచినవారు "చిన్న బడియే మంచి బడి" యనుకొందురు. అడుగుభాగమును మాత్రమే చూచినవారు "చిన్న బడులను మూసివేయవలె" నందురు. మొదటి తలంపుతోనే 2000 తరువాత బిల్ గేట్సు దంపతుల ధర్మసంస్థ పెద్ద ఉన్నత పాఠశాలలను చిన్నవిగా విడదీయుటకు అపారమైన ధనము వెచ్చించెను. వానిలో పెక్కింటియందు చదువు చెప్పుకోదగినంత మెరుగుపడలేదని 2009లో బిల్ గేట్సే వ్రాసెను. అయితే న్యూయార్కు నగరమున చీట్లు వేసి పిల్లలను చేర్చుకొన్న చిన్న పాఠశాలలలో చదువు ముగించినవారి సంఖ్య పెరిగినట్లు తరువాతి పరిశీలనలు చూపినవి. కావున చిన్నతనము దానంతట అది మందును కాదు, విషమును కాదు.

ఎస్మరాల్డాకు మరలుదము. ఇట్టి చిక్కు కలదని అమెరికాలోని అధికారులకును తెలియును. అందుచేత ఒక నియమము పెట్టుకొనిరి: ఒక గుంపులో నిర్ణీత సంఖ్యకు తక్కువమంది యున్నచో ఆ గుంపు ఫలితమును బహిరంగముగా ప్రకటింపరాదు. పెక్కు రాష్ట్రములలో ఆ సంఖ్య పది. ఈ నియమమునకు రెండు ప్రయోజనములు కలవు. ఊగిసలాడు అంకె జనులను మోసపుచ్చకుండును. మరియు బిడ్డల గుట్టు బయటపడకుండును. నలుగురున్న తరగతిలో సున్న అని ప్రకటించినచో నలుగురి పేర్లను ప్రకటించినట్లే గదా. కాని దీనికి మరియొక ముఖమును కలదు. తరగతికి నలుగురు రాని బడికి పట్టికలో అంకెలుండవలసినచోట గుర్తులు మాత్రమే యుండును. కొన్ని యేండ్లు నక్షత్రమును దొరకదు. తల్లిదండ్రులకు ఆ కాగితము చెప్పునది ఏమియు లేదు. తప్పుడు అంకె యొకవైపు, ఖాళీ గడి మరియొకవైపు.

అయితే చిన్న బడి మంచిచెడ్డలను తెలిసికొను మార్గమే లేదా? ఉన్నది, కాని ఓపిక కావలెను. మొదటిది, సంవత్సరములను కలిపి చూచుట. ఏటికి నలుగురైనచో ఐదేండ్లకు ఇరువదిమంది. ఇరువదిమంది ఫలితము నలుగురి ఫలితముకంటె ఎంతో నిలుకడ గలది. ఈ లెక్క చిన్న బడిని కాపాడును, అవసరమైనచో పట్టియిచ్చును. ప్రతి బిడ్డకును సరిసగము అవకాశమున్న బడిలో ఐదేండ్లు కలిపి ఇరువదిమందిలో ఐదుగురో అంతకు తక్కువమందియో మాత్రమే ప్రమాణమును అందుకొనుట నూటికి రెండుసార్లు జరుగు సంగతి. కావున ఒక యేడు 25 వచ్చినప్పుడు "పిల్లలు కొద్దిమంది, ఏమి చేయుదుము" అనుట న్యాయము. ఐదేండ్లు వరుసగా 25 వచ్చినప్పుడు ఆ మాటయే చెప్పుట న్యాయము కాదు. అప్పుడు ఉపాధ్యాయుని, పుస్తకములను, హాజరు పట్టీని చూడవలసినదే. ఈ కష్టమైన భాగమును దాచిపెట్టి, ఊగిసలాట సూత్రమును మాత్రమే వల్లించుట మాకు ఇష్టము లేదు.

రెండవది, బిడ్డ ఎక్కడ ఉన్నాడనునదే కాక, ఎక్కడనుండి ఎక్కడికి వచ్చెననునది చూచుట. నెవాడాలో పురోగతి యను పేర దీనిని గూడ లెక్కింతురు: గత సంవత్సరము ఇంచుమించు ఇంతే మార్కులు వచ్చిన ఇతర పిల్లలతో పోల్చినప్పుడు ఈ బిడ్డ ఈ యేడు ఎంత ముందుకు నడిచెను? ఇది న్యాయమైన ప్రశ్నయే. కాని దీనికి రెండేండ్ల మార్కులు కావలెను. గనులలో పనికొరకు వచ్చి, పని తీరగానే తరలిపోవు కుటుంబముల పిల్లలకు గత సంవత్సరపు మార్కులు ఏ బడిలోనో ఉండును. ఇక 2020 వసంతకాలమున కరోనా మహమ్మారివలన అమెరికాలో ఈ పరీక్షలే జరుగలేదు. ఆ యేటి గడి అందరికిని ఖాళీయే.

అంకెల ఊగిసలాట అంతయు అదృష్టమే యనుకొనుటయు తప్పు. ఒకే ఉపాధ్యాయుడు మూడు తరగతులను నడపు బడిలో ఆయన వెళ్ళిపోయినచో మూడు తరగతులకును ఒక్కసారిగా దెబ్బ తగులును. మంచి ఉపాధ్యాయుడు దొరికినచో అదే బిడ్డలు మూడేండ్లు ఆయన చేతిలోనే పెరుగుదురు. పెద్ద బడిలో ఒకరు పోయినను పక్క గదిలో మరియొకరు ఉందురు. పట్టణము ఎంతో దూరమున, అద్దె యిండ్లు కరువైనచోట ఉపాధ్యాయుని నిలుపుకొనుట ఎంతటి పనియో చెప్పనక్కరలేదు. ఖర్చును అట్టిదే. కప్పు కారినచో ఇరువదిమంది బడికైనను రెండువందలమంది బడికైనను బాగుచేయించు కూలి ఒక్కటే. బస్సు సగము ఖాళీగా పోయినను చమురు తగ్గదు. అందువలన తలకు వ్యయము విపరీతముగా కనబడును. దీనిని గుర్తించియే అమెరికా కేంద్ర ప్రభుత్వము మారుమూల చిన్న విద్యా మండలులకు ప్రత్యేక సహాయము నిచ్చుచున్నది. మండలిలో సగటు హాజరు 600కు లోపుగా నుండుట, లేదా చదరపు మైలుకు పదిమందికి తక్కువగా జనులుండు కౌంటీలో దాని బడులుండుట, అందుకు గల అర్హతలలో ముఖ్యము. సంఖ్య తక్కువయగుటయే అచ్చట సహాయమునకు కారణము.

మన దేశమున అల్పసంఖ్యాక భాషల విషయములో సంఖ్య మరియొక విధముగా పనిచేయుచున్నది. 1949 ఆగష్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, బడి మొత్తములో 40 మందియైనను, ఒక తరగతిలో 10 మందియైనను ఒక భాష వారున్నచో ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరెను. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించుట ప్రతి రాష్ట్రపు విధియని అది చెప్పుచున్నది. ఈ రెండును మనకు మేలు చేసినవే. కాని పది, నలుబది యను అంకెలు తలుపు వంటివి. లోపలికి రానిచ్చునవియు అవే, సంఖ్య తగ్గినప్పుడు మూసికొనునవియు అవే.

మాకు భయము కలిగించునది ఈ రెండు లెక్కల కలయికయే. తెలుగు విభాగమున ఎనిమిదిమంది ఉన్నారనుకొందము. ఒక యేడు ఇద్దరు తప్పినచో ఫలితము నూటికి 75. పక్కనున్న రెండువందలమంది గల మరియొక మాధ్యమపు బడిలో 92 అని ప్రకటన పలక మీద వ్రాసియుండును. తండ్రి ఆ రెండంకెలను పోల్చి బిడ్డను అచ్చటికి మార్చును. ఆయనను చూచి మరియొకరు. మరుసటి యేట తెలుగు విభాగమున ఆరుగురే మిగులుదురు. ఇప్పుడు ఒక్కడు తప్పినను 83, ఇద్దరు తప్పినచో 67. పిల్లలు తగ్గినకొలది అంకె మరింత ఊగును. ఊగినకొలది భయము పెరుగును. భయము పెరిగినకొలది పిల్లలు తగ్గుదురు. ఒకనాడు లెక్క పదికి, నలుబదికి లోపలికి జారును. బోధనలో ఏ మార్పును లేకయే ఒక విభాగము ఈ విధముగా అంతరింపగలదు. రెండువందలమంది బడికి ఇట్టి అపాయము లేదు. అచ్చట ఇద్దరు తప్పినను ఒక్క పాలే తగ్గును.

ఇందువలన బిడ్డను మార్చరాదని మేము చెప్పుట లేదు. ఏ భాషలో, ఏ బడిలో చదివింపవలెననునది తల్లిదండ్రులు తమ స్థితిగతులను బట్టి తేల్చుకొనవలసిన సంగతి. తేల్చుకొనుటకు ముందు ఒక్క యేటి శాతమును కాక, మరికొన్ని సంగతులను అడుగవలెనని మాత్రమే మా మనవి. గడచిన ఐదేండ్లలో మొత్తము ఎంతమంది పరీక్షకు కూర్చుండిరి, ఎంతమంది నెగ్గిరి? తప్పినవారు ఏ పాఠ్యాంశమున తప్పిరి, అది ప్రతియేడును అదేనా? ఆరవ తరగతిలో చేరినప్పుడు తడబడుచు చదివిన బిడ్డ ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి పత్రికను తప్పులేకుండ చదువగలుగుచున్నాడా? గణితమునకు ఉపాధ్యాయుడు ఏడాది పొడవునను ఉండెనా, లేక నడుమ నాలుగు నెలలు ఖాళీయా? ఇక్కడ చదివి పైతరగతులకు పోయినవారు అక్కడ ఎట్లున్నారు? ఈ కడపటి ప్రశ్న ఎస్మరాల్డాలోని తల్లిదండ్రులకు మరింత పనికివచ్చును. వారి పిల్లలందరును టోనోపాలో ఇతర బడులనుండి వచ్చిన పిల్లల సరసన కూర్చుందురు గదా. మూడు చిన్న బడులు ఏమి నేర్పినవో ఆ తొమ్మిదవ తరగతి గదిలో తెలియును, నక్షత్రములు ఉన్నను లేకున్నను.

పై ప్రశ్నలలో మొదటి మూడింటికి సమాధానములు ఏ బడియైనను ఒక పట్టికగా వ్రాసి యుంచవచ్చును. పిల్లల పేర్లు వ్రాయక, సంవత్సరము, కూర్చుండినవారు, నెగ్గినవారు, తప్పిన పాఠ్యాంశము అని నాలుగు గడులు గీసిన చాలును. ఐదేండ్ల లెక్క ఒక అరఠావు కాగితములో ఇమిడిపోవును. తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చువారు దానిని చూపుమని అడుగవచ్చును.